ముద్దపప్పు, చారు, పెరుగు: అన్నీ వండుతున్నాం, ఇంట్లో తిన్నట్టు మాత్రం లేదు

చలిదేశం (ప్రశ్న):

మ్యూనిక్‌లో నలుగురం ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాం. ఒకరిది శ్రీకాకుళం, ఒకరిది కరీంనగర్, ఇద్దరిది కడప. వారమంతా ఎవరి డబ్బా వాళ్లదే. ఆదివారం మాత్రం కలిసి వండుకుని కూర్చుని తినాలని ఒప్పందం. బిర్యానీలు, పనీర్ కూరలు వద్దనుకున్నాం. జ్వరం తగ్గిన మర్నాడు ఇంట్లో ఏం పెడతారో అది కావాలి: ముద్దపప్పు, నెయ్యి, చారు, ఏదో ఒక వేపుడు, గడ్డ పెరుగు.

సరుకులన్నీ దొరుకుతున్నాయి, అయినా కుదరడం లేదు. కందిపప్పు ఆరు విజిల్స్ వచ్చినా పలుకు విడవదు. చారు బాగానే మొదలవుతుంది, ఆఖరికి చేదు తేలుతుంది. పెరుగు తోడుకుంటుంది కానీ చెంచాతో ఎత్తితే తీగలా సాగుతుంది. షాపు నెయ్యికి రంగుంది, వాసన లేదు. పోపు పెడితే పొగ అలారం కూస్తుంది, ఆ భయానికి పోపు సగంలో దించేస్తున్నాం. ఇవన్నీ ఒక ఎత్తు. అన్నీ కుదిరిన రోజు కూడా పావుగంటలో తినేసి ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లిపోతున్నారు. దీన్ని వంటలో తప్పు అనొచ్చో లేదో తెలియదు, కానీ అసలు బాధ ఇదే.

గాజుపలక కింద కాయిల్ ఉండే కరెంటు స్టవ్, 3 లీటర్ల స్టీలు కుక్కర్ ఉన్నాయి. మిక్సీ ఉంది. కొలతలతో చెప్పగలరా?

పోపులపెట్టె:

పప్పుతో మొదలుపెడదాం. మీ ఊరి నీళ్లు కఠినజలం, తప్పు అక్కడుంది. జర్మనీలో నీటి కాఠిన్యాన్ని జర్మన్ డిగ్రీల్లో చెబుతారు. 8.4 లోపు మెత్తటి నీళ్లు, 14 దాటితే గట్టి నీళ్లు. మ్యూనిక్‌వి గట్టి నీళ్ల కిందికే వస్తాయి. కెటిల్ అడుగున తెల్లటి పొర కడుతోందా? ఆ సున్నమే పప్పు గింజ గోడల్లో ఉండే పెక్టిన్‌ను పట్టుకుని బిగిస్తుంది, గింజ విడిపోనివ్వదు. ఎన్ని విజిల్స్ వేసినా లోపల పలుకు అలాగే ఉంటుంది. ఏడాది పైబడి షాపులో పడున్న పప్పయితే ఇంకా మొండికేస్తుంది. ప్యాకెట్ మీద తేదీ చూసి కొత్త సరుకు తీసుకోండి.

నలుగురికి 200 గ్రాముల కందిపప్పు చాలు. పొడి మూకుడులో సన్నసెగ మీద నాలుగైదు నిమిషాలు వేయించండి. కమ్మటి వాసన రావాలి, రంగు మారకూడదు. కడిగి అరగంట నానబెట్టండి. ఫిల్టర్ జగ్గులో పోసిన నీళ్లు 600 మి.లీ., పసుపు పావు చెంచా, నూనె అర చెంచా వేసి కుక్కర్ పెట్టండి. జగ్గు లేకపోతే నీళ్లను ఐదు నిమిషాలు మరిగించి, చల్లార్చి, అడుగున తేరిన తెలుపును వదిలేసి పైవి వాడుకోవచ్చు. మొదటి విజిల్ రాగానే సెగ బాగా తగ్గించి 12 నిమిషాలు లెక్కపెట్టండి. మీ స్టవ్ మీద విజిల్స్ లెక్క కుదరదు, ఆపాక కూడా పలక వేడి వల్ల ఇంకో రెండు వస్తాయి. గడియారాన్నే నమ్మండి. ఆవిరి దానంతట అది దిగనిచ్చి, ఉప్పు ఒక చెంచా వేసి వేడిగా ఉండగానే పప్పుగుత్తితో మెదపండి. చల్లారాక మెదిపితే ఉండలు కడుతుంది.

టమాటా గానీ చింతపండు గానీ పప్పుతో పాటే కుక్కర్లో వేసే అలవాటుంటే మానేయండి. పులుపు కూడా గింజను బిగదీస్తుంది. పప్పు మెత్తబడ్డాకే పులుపు.

కొందరు వంటసోడా వేయమంటారు. పనిచేస్తుంది, కాదనను. అయితే 200 గ్రాములకు ఎనిమిదో వంతు చెంచా దాటితే సబ్బు వాసన. పసుపే చెప్పేస్తుంది, పప్పు కాస్త ఎర్రబారిందంటే సోడా ఎక్కువైనట్టే. పైగా సోడా పప్పులోని బి1 విటమిన్‌ను తినేస్తుంది. నీళ్లు మార్చుకోవడమే మంచి పద్ధతి.

ఇక చారు. చేదుకు మూడు దారులున్నాయి: పొడి ఎక్కువసేపు మరగడం, పోపులో మెంతులో ఎండుమిర్చో మాడటం, సీసాలో అమ్మే నల్లటి చింతపండు పేస్టు. ఆ పేస్టు అప్పటికే ఉడికి చిక్కబడ్డది. పులుపు ఉంటుంది కానీ తాజాదనం ఉండదు.

చింతపండు 20 గ్రాములు, అంటే చిన్న నిమ్మకాయంత. 200 మి.లీ. వేడి నీళ్లలో పావుగంట నానాక పిసికి వడకట్టండి. గింజలు, పీచు నలిగేలా మిక్సీలో వేయొద్దు, వగరు దిగుతుంది. మొత్తం 800 మి.లీ. అయ్యేలా నీళ్లు కలిపి, పండిన టమాటా ఒకటి చిదిపి, పసుపు చిటికెడు, ఉప్పు చెంచాన్నర, కరివేపాకు రెబ్బ వేసి 8 నుంచి 10 నిమిషాలు మరిగించండి. పచ్చివాసన పోయిందా లేదా అన్నది ఆవిరి మీద ముక్కు పెడితే తెలుస్తుంది. అప్పుడు చారుపొడి ఒక పెద్ద చెంచా. నురుగు అంచుల నుంచి మధ్యకు పొంగుతుంది. మధ్యలో కలుసుకోబోతుండగా దించేయండి. ధనియాల, మిరియాల వాసన అంతా తేలికగా ఆవిరయ్యే నూనెల్లో ఉంటుంది. మరిగించారంటే అది వంటింట్లో తిరుగుతుంది, గిన్నెలో మిగలదు.

పొడికి ధనియాలు 2 చెంచాలు, జీలకర్ర 1, మిరియాలు ముప్పావు, కందిపప్పు 1, ఎండుమిర్చి 1. కందిపప్పు, ధనియాలు, మిర్చి వరకే దోరగా వేయించండి, జీలకర్ర, మిరియాలు పచ్చివే. బరకగా కొట్టండి. ఒక్కసారికి సరిపడా చేసుకుంటేనే బాగుంటుంది. నెల రోజుల కిందటి పొడి రంగుకే పనికొస్తుంది.

పోపు గురించి: కాయిల్ స్టవ్ ఆపితే ఆగదు. అందుకే మాడుతోంది, అలారం కూస్తోంది. పోపుగరిట కాకుండా అడుగు మందంగా ఉన్న చిన్న గిన్నె తీసుకోండి. నెయ్యి రెండు చెంచాలు, మధ్య సెగ. ఒక్క ఆవగింజ వేసి చూడండి, చిటపటమంటే మిగతావి (అర చెంచా) వేసి మూత పెట్టండి. చప్పుడు సగానికి తగ్గగానే గిన్నెను పలక మీంచి పక్కకు దించి, అప్పుడు జీలకర్ర, మెంతి గింజలు నాలుగంటే నాలుగు, తుంచిన ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వరుసగా వేయండి. మిగిలిన వేడే వాటికి చాలు. ఘాటు పైకి లేవకముందే గిన్నెను ఒంపి చారులో పోసి మూత పెట్టేయండి. కిటికీ పోపుకు ముందే తీసి ఉంచాలి, కూత మొదలయ్యాక తీస్తే లాభం లేదు.

వెన్నపూస:

నెయ్యి, పెరుగు నేను చెబుతాను. రెండింటి తప్పూ ఒకే చోట ఉంది.

మన ఇళ్లలో నెయ్యి పచ్చి మీగడతో కాదు, తోడు పెట్టిన మీగడతో అవుతుంది. పులిసి, చిలికి, వెన్న తీసి కాచినది. ఆ వాసన పులియడంలోంచి వచ్చింది. షాపుల్లో తీపి మీగడతో చేసిన బట్టర్ కూడా ఉంటుంది, దాన్ని ఎంత బాగా కాచినా ఇంటి నెయ్యి కాదు. జర్మనీలో ‘సవర్‌రామ్‌బుట్టర్’ అని రాసుండే పెట్టె వెతకండి, అది పులిసిన మీగడ వెన్న. ‘మిల్డ్ గెసోయెర్ట్’ అని ఇంకోటి ఉంటుంది, అది మధ్యరకం. ఉప్పు లేనిదే తీసుకోవాలి.

250 గ్రాముల వెన్నకు రమారమి 200 గ్రాముల నెయ్యి వస్తుంది, మిగతాది నీరు, గసి. సన్నసెగ మీద పెట్టి కదపకుండా వదిలేయండి. మొదట పెద్ద బుడగలతో చప్పుడు చేస్తుంది, అది నీరు పోవడం. తర్వాత చప్పుడు తగ్గి పైన సన్నటి నురుగు పరుచుకుంటుంది. అడుగున గసి గోధుమరంగుకు తిరిగితే అయిపోయినట్టు. మీ స్టవ్ మీద రంగు తిరగకముందే, లేత బంగారు రంగులో ఉండగానే దించాలి, మిగతాది గిన్నె వేడే చూసుకుంటుంది. దించాక నాలుగు కరివేపాకులు గానీ, దొరికితే తమలపాకు ముక్క గానీ వేస్తే చిటపటమంటుంది, వాసన నిలుస్తుంది. మొత్తం 20 నిమిషాల పని. గసిని పారేయకండి. వేడన్నంలో ఉప్పు వేసి కలిపితే దానికోసం పోట్లాట జరుగుతుంది.

పెరుగుకు పాలు తాజా ఫుల్ క్రీమ్‌వి, 3.5 శాతం లేదా పైన. నెలల తరబడి నిలవుండే డబ్బా పాలతో కూడా తోడుకుంటుంది కానీ గడ్డ అంత గట్టిగా కట్టదు. లీటరు పాలు పొంగాక సన్నసెగ మీద ఇంకో పది నిమిషాలు ఉంచండి. అలా కాగితేనే పాలలోని ప్రోటీన్ విచ్చుకుని నీటిని పట్టుకుంటుంది. తర్వాత 43 నుంచి 45 డిగ్రీలకు చల్లారాలి. థర్మామీటర్ లేకపోతే శుభ్రమైన చిటికెనవేలు ముంచి పది లెక్కపెట్టగలగాలి, వెచ్చగా ఉండాలి తప్ప చురుక్కుమనకూడదు. ఎక్కువ వేడిలో తోడు చచ్చిపోతుంది. చల్లటి పాలలో వేస్తే గంటలు గడిచిపోతాయి, ఆ లోపల అక్కర్లేని సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి. మీకు తీగ సాగడం ఎక్కువగా అందువల్లే. రెండో అనుమానం తోడు మీద: పాత తోడునే నెలలుగా తిప్పుతుంటే పారేసి, కొత్తది తెచ్చుకోండి. షాపు యోగర్ట్ తోడుకు వాడేటప్పుడు చక్కెర, పండ్లు లేనిది చూసుకోవాలి.

తోడు రెండు చెంచాలు. ముందు గరిటెడు పాలలో నలకలు లేకుండా గిలకొట్టి, ఆ తర్వాత మొత్తంలో కలపండి. ఓవెన్ వెలిగించకుండా లోపలి బల్బు మాత్రం వేసి, గిన్నె అందులో పెట్టి తలుపు మూసేయండి. ఐదారు గంటలు. మధ్యలో తీసి ఒంపి చూడటం వద్దు, కదిలితే నీరు విడుస్తుంది. గడ్డ కట్టగానే ఫ్రిజ్‌లోకి. ఇంకో రెండు గంటలు మరిచిపోతే పుల్లగా తయారై సుర్రుమంటుంది.

పుంటికూర:

చారు సంగతి మంచిగ చెప్పిన్రు. కానీ మీల కరీంనగర్ ఆయన ఉన్నడు గద, ముద్దపప్పుకు ఆయనకు చారు కాదు, పచ్చి పులుసు కావాలె. దానికి స్టవ్ పని దాదాపు లేదు, అలారం గొడవ కూడ తక్కువ.

చింతపండు 25 గ్రాములు, కాగబెట్టి చల్లార్చిన నీళ్లు 600 మి.లీ., నానబెట్టి పిసికి వడకట్టాలె. పులుసును మాత్రం ఉడకపెట్టొద్దు, ఉడికితే అది పచ్చి పులుసే కాదు. పెద్ద ఉల్లిగడ్డ ఒకటి సన్నగ పొడుగ్గ కోసి, ఉప్పు చెంచాన్నర ఏసి చేత్తోటి గట్టిగ పిసకాలె. ఈ పిసుకుడే అసలు సంగతి, ఉల్లి రసం దిగుతది, పచ్చి ఘాటు పోతది. మూడు పచ్చి మిరపకాయలు మంట మీద కాల్చాలె. మీకు మంట లేదు కాబట్టి పొడి పెనం మీద గంటెతో ఒత్తిపెట్టి నల్ల మచ్చలు పడేదాక ఉంచుండ్రి. అవి కూడ ఉల్లిగడ్డల ఏసి నలపాలె. తర్వాత చింతపండు రసం, కొత్తిమీర, జీలకర్ర పొడి అర చెంచా, బెల్లం చిన్న ముక్క. ఏయించిన నువ్వుల పొడి ఒక పెద్ద చెంచా ఏస్తే చిక్కగ, కమ్మగ ఉంటది. కొందరిండ్లల్ల ఏస్తరు, కొందరిండ్లల్ల ఎయ్యరు, ఆయన్ని అడగండి. పోపు నూనెతోటి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు పెట్టి, చల్లారినంకనే కలపాలె. 20 నిమిషాలు ఆగి తినుండ్రి, అప్పటికి పులుపు, ఉల్లి కలిసిపోతయ్.

రుచి చూసి పుల్లగ ఉందని నీళ్లు పోసుకుంట పోతే ఉప్పు చప్పబడుతది. పులుపు ఎక్కువైతే బెల్లంతోటి సరిచెయ్యాలె, నీళ్లతోటి కాదు.

చలిదేశం:

అందరికీ ధన్యవాదాలు. సవర్‌రామ్‌బుట్టర్ పక్క వీధి షాపులోనే ఉంది, ఇన్నాళ్లూ చూడకుండా దాటిపోతున్నాం.

ఇంకో రెండు. శ్రీకాకుళం అతను ఆవ పెట్టిన కూర అడుగుతున్నాడు, కడప వాళ్లు సంగటి అంటున్నారు. రెండూ ఇళ్లకు ఫోన్ చేసి కనుక్కుంటే ‘కొంచెం’, ‘చారెడు’, ‘సరిపడా’ అనే మాటలే వస్తున్నాయి. వాటిని కొలతలుగా మార్చే దారి ఏమైనా ఉందా?

నాగావళి ఒడ్డు:

ఆవ కూరకు అక్కడ సులువుగా దొరికేది క్యాబేజీ. అరటికాయ దొరికితే ఇంకా మేలు. ఆవ ఒక చెంచా (పసుపుపచ్చవి కాదు, మన గోధుమ నలుపు ఆవాలు), ఎండుమిర్చి 2, బియ్యం అర చెంచా. పావుగంట చన్నీళ్లలో నానబెట్టి, చిటికెడు ఉప్పుతో, చన్నీళ్లతోనే మెత్తగా నూరండి. వేడినీళ్లు పోస్తే ఘాటు పుట్టదు. ఆవగింజలో ఘాటు ముందే తయారై ఉండదు, చితికి నీరు తగిలాక పుడుతుంది. నూరాక పది నిమిషాలు పక్కన పెట్టండి. వెంటనే నాలుక మీద వేసుకుంటే ఉట్టి చేదే తగిలి ‘పాడైపోయింది’ అనుకుంటారు.

క్యాబేజీ అర కిలో సన్నగా తరిగి, ఉప్పు, పసుపు వేసి ఉడికించి వార్చండి. చింతపండు పులుసు రెండు చెంచాలు, చిన్న బెల్లం ముక్క. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఇంగువతో పోపు పెట్టి కూర కలిపి, స్టవ్ మీంచి పూర్తిగా దించేయండి. పలక మీద వదిలేస్తే దించినట్టు కాదు. గోరువెచ్చగా అయ్యాక ఆవముద్ద, ఒక చెంచా పచ్చి నువ్వులనూనె కలపండి. సెగ మీద ఉండగా కలిపారో, ఘాటు పోయి చేదు మిగులుతుంది. నూటికి తొంభైమంది చేసే తప్పు ఇదే. వండిన గంటకు ముక్కుకెక్కాలి.

తెడ్డు:

సంగటి నలుగురికి: బియ్యం 1 కప్పు, రాగిపిండి 2 కప్పులు, నీళ్లు 7 కప్పులు, ఉప్పు చెంచా. బియ్యం గంట నానాల. అడుగు మందం గిన్నెలో, సగం కంటే ఎక్కువ నిండని గిన్నెలో, నీళ్లు తెర్లినాక బియ్యం వేసి మెత్తగా, అన్నం మెతుకు వేళ్ల మధ్య నలిగిపోయేదాకా ఉడికించండి. ఇంకా నీళ్లు పైకి కనపడుతుండాల. అప్పుడు పిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా, కుప్పలో తెడ్డు కాడతో రెండు మూడు బొక్కలు చేసి, మూత వేసి సన్నసెగ మీద 8 నిమిషాలు. ఆ బొక్కల్లోంచి గంజి పైకొచ్చి పిండిని లోపల్నుంచి ఉడికిస్తుంది. ముందే కలిపేసినారంటే పైన ఉడికి లోపల పిండి ఉండలు మిగుల్తాయి, నమిల్తే పొడి పొడిగా పండ్లకు తగుల్తాది.

తర్వాత గిన్నెను దించి కింద గుడ్డ మీద పెట్టి, కాళ్ల మధ్యో, ఇంకొకరు పట్టుకునో, గట్టి కట్టె తెడ్డుతో గోడకేసి నలుపుతూ కెలకండి. ఇది ఇద్దరి పని. మీ స్టవ్ పైన గాజుపలక మీదే కెలికితే పలక పగులుతాది, జాగ్రత్త. గట్టిగా ఉంటే మరిగే నీళ్లు చిలకరించండి, చన్నీళ్లు వద్దు. మళ్లీ రెండు నిమిషాలు మూత వేసి మగ్గనిచ్చి, తడి చేత్తో ముద్దలు చేయండి. ఉడికిందా లేదా అన్నదానికి: తడి వేలు పెట్టి తీస్తే వేలికి అంటకూడదు.

పక్కన చెనక్కాయల ఊరిబిండి: వేయించిన వేరుశనగ 100 గ్రాములు, నూనెలో మగ్గించిన పచ్చిమిర్చి 5, చింతపండు 5 గ్రాములు, తెల్లగడ్డలు 4 పాయలు, ఉప్పు. బరకగా తిప్పి, ఆఖర్లో సగం ఎర్రగడ్డ వేసి ఒక్క తిప్పు. మెత్తగా రుబ్బితే అది దోశెల చట్నీ, సంగటికి కుదరదు.

గిద్దెడు:

‘సరిపడా’ను కొలతగా మార్చడం పెద్ద పనేం కాదు. ఎంత వేశావని అడిగితే అమ్మలు చెప్పలేరు, ఎందుకంటే వాళ్లు కొలిచి వేయరు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే వంటింటి తూకం ఒకటి కొనిపించండి. వంట మొదలుపెట్టకముందు ఉప్పు డబ్బా, కారం డబ్బా, నూనె సీసా, చింతపండు డబ్బా తూచి రాసుకోవాలి. వంట అయ్యాక మళ్లీ తూచాలి. తగ్గినదే కొలత. వండే మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడగక్కర్లేదు, చెయ్యి ఆపించక్కర్లేదు. చెయ్యి ఆపి కొలిపిస్తే ఆమె మామూలుగా వేసేంత వేయదు, అది ఇంకో తంటా. గ్లాసులు, డబ్బాలతో కొలిచేవి ఉంటే వాటిలో నీళ్లు పోసి మి.లీ.లో చూసుకోండి. నాలుగు గిద్దలు ఒక సోల అన్న లెక్క సరే కానీ, మీ ఇంటి సోల ఎంతన్నది ఆ పాత్రనే అడగాలి.

ఫోన్‌లో అడిగేటప్పుడు ‘ఎంత’ అని కాకుండా ‘ఎప్పుడు’ అని అడగండి. ఎప్పుడు దించుతావు, అప్పుడు చప్పుడు ఎలా ఉంటుంది, వాసన ఏం వస్తుంది, గరిటెకు అంటుతుందా జారుతుందా. వీటికి మాత్రం తడుముకోకుండా జవాబు వస్తుంది, పైగా ఫోన్ పెట్టేయబుద్ధి కాదు వాళ్లకి.

మూడోపూట:

పావుగంటలో తిని లేచిపోవడం గురించి ఎవరూ రాయలేదు. దానికీ కారణాలున్నాయి, మార్చుకోవచ్చు.

మీరు బహుశా గిన్నెలన్నీ గట్టు మీద పెట్టి, ఎవరి పళ్లెంలో వాళ్లు అన్నీ ఒకేసారి వేసుకుని కూర్చుంటున్నారు. అలా తింటే పావుగంటే పడుతుంది. ఇంట్లో భోజనం వరుసలో నడుస్తుంది: మొదట అన్నంలో పప్పు, నెయ్యి, ఆవకాయ. తర్వాత కూర. మళ్లీ అన్నం, చారు. ఆఖర్న పెరుగు. అన్నం మూడు సార్లు వస్తుంది, ఆ మధ్య ఖాళీల్లోనే మాటలు పుడతాయి. అందుకని వంతులవారీగా ఒకరు వడ్డించండి, ముగ్గురు కూర్చోండి. వడ్డించేవాళ్లకు మూడే నియమాలు: అడగకుండా మారు వడ్డించాలి, మొదటి విడత గరిటెడే పెట్టాలి, నెయ్యి గిన్నె తన చేతిలోనే ఉండాలి. ‘ఇంకొంచెం’, ‘చాలు చాలు’ అనే ఆ బేరమే ఫ్లాట్‌లో లోపించింది. వడ్డించినవాళ్లు తర్వాత కూర్చున్నప్పుడు ఒకరు లేవకుండా పక్కనే ఉండి వాళ్లకు వడ్డించాలి. మొత్తం 40 నిమిషాలు దాటుతుంది, చూసుకోండి.

బియ్యం తలకు 90 గ్రాముల చొప్పున లెక్కేయండి. సన్నబియ్యం పాతవైతే కుక్కర్లో ఒకటికి రెండు నీళ్లు, కొత్తవైతే ఒకటికి ఒకటిన్నర. పప్పులోకి అన్నం పొగలు కక్కాలి, పెరుగులోకి గోరువెచ్చగా చాలు. కాబట్టి మూడో విడత అన్నం ముందే వేరే గిన్నెలోకి తీసి మూత వారగా పెట్టండి.

వండినవాళ్లకు రుచి తెలియకపోవడం ఇంకోటి. రెండు గంటలు పోపు వాసనలో నిలబడితే ముక్కు మొద్దుబారుతుంది, అన్నీ చప్పగా తోస్తాయి, ఉప్పూ కారం ఎక్కువేస్తారు. వంట అవగానే కోటు వేసుకుని ఐదు నిమిషాలు బయట తిరిగి రండి. తలుపు తీసి లోపలికి అడుగుపెట్టినప్పుడు కొట్టే వాసన ఉంటుంది చూశారూ, దాని దెబ్బ వేరు. వాసన కబురు మెదడులో జ్ఞాపకాలకు, ఉద్వేగాలకు సంబంధించిన చోట్లకు మిగతా ఇంద్రియాల కంటే దగ్గరి దారిలో చేరుతుంది. ఒక్క చారు పోపుకే చిన్ననాటి ఇల్లంతా కళ్లముందుకు రావడం అందుకే. ఆ ఐదు నిమిషాలు వండినవాళ్లకు దక్కాలి.

ఇంటివాళ్లతో కలిసి తినాలనుకుంటే వేళ చూసుకోండి. చలికాలంలో మీకూ ఇండియాకూ నాలుగున్నర గంటల తేడా, వేసవి టైంలో మూడున్నర. వాళ్లు రాత్రి 8:30కి కూర్చుంటే మీకు చలికాలం సాయంత్రం 4, వేసవిలో 5. ఆదివారం ఒంటిగంట భోజనాన్ని 4కి జరిపితే రెండు కంచాలు ఒకే వేళకు పడతాయి. ఒక వారం ఒకరి ఇల్లు. ఫోన్ చేత్తో పట్టుకోకుండా బల్ల చివర నీళ్ల జగ్గుకు ఆనించి, కంచాలు కనపడేలా పెట్టండి. మొహాలు కనిపించకపోయినా పర్లేదు, గరిటె చప్పుడు వినపడితే వాళ్లే మాట్లాడతారు. పప్పు పలచగా ఉందని అక్కణ్నుంచే చెబుతారు కూడా.

వెన్నపూస:

ఇండియా నుంచి నెయ్యి తెప్పించుకుందామన్న ఆలోచన ఉంటే మానండి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల ప్రయాణికులు పాల పదార్థాలు తేకూడదు. నెయ్యి, పాలకోవా ఏదైనా ఇబ్బందే. పచ్చి కరివేపాకు కూడా కుదరదు. 2019 డిసెంబర్ 14 నుంచి మొక్కల తాజా భాగాలకు, ఐదు రకాల పళ్లు తప్ప, తనిఖీ ధ్రువపత్రం ఉండాలి. ఆవకాయ, కారప్పొడులు, ఎండబెట్టిన కరివేపాకు పొడి తెచ్చుకోవచ్చు. ఆవకాయ జాడీని చెక్-ఇన్ లగేజీలోనే పెట్టాలి, నూనె ఉంది కాబట్టి చేతి సంచిలో ఆపేస్తారు. మూత చుట్టూ టేపు, రెండు జిప్ కవర్లు, మధ్యలో పాత తువ్వాలు.

అక్కడ షాపులో తాజా కరివేపాకు దొరికితే కడగకుండా కాగితంలో చుట్టి డబ్బాలో వేసి ఫ్రీజర్లో పెట్టండి. తీసినప్పుడు కరగనివ్వకుండా నేరుగా పోపులో వేస్తే రంగు నల్లబడ్డా వాసన ఉంటుంది. కరిగాక వేస్తే నీళ్లు చిమ్మి చేతులు కాలతాయి.

చలిదేశం:

పప్పు ఈ వారం వెన్నలా ఉడికింది, ఫిల్టర్ నీళ్లే మందు. వడ్డన వంతులు రాసి ఫ్రిజ్ మీద అంటించాం. ఒక్కటే మిగిలింది: మాలో ఒకరు కొన్నాళ్లుగా సరిగ్గా తినడం లేదు. పళ్లెం ముందు కూర్చుని రెండు ముద్దలకే లేస్తున్నారు. వాళ్లకు ఏం పెట్టాలి?

మూడోపూట:

పెద్ద కంచం, నిండా అన్నం చూస్తేనే వెనక్కి తగ్గుతారు. చిన్న గిన్నె, గోరువెచ్చని పల్చటి అన్నం. బియ్యం 50 గ్రాములు, పెసరపప్పు 20 గ్రాములు, నీళ్లు 500 మి.లీ., జీలకర్ర అర చెంచా, ఉప్పు. కుక్కర్లో మెత్తగా, గరిటె జారేలా ఉడికించి, నెయ్యి చెంచా, చారు గరిటెడు పోసి కలిపి, కలిపినదే ఇవ్వండి. కలపడం కూడా వాళ్ల మీద పెట్టొద్దు. ‘తిను, తిను’ అనకండి. మీరూ అదే గిన్నె తెచ్చుకుని పక్కన కూర్చోండి. మూడు నాలుగు గంటలకోసారి ఇంతే పరిమాణం, మధ్యలో పల్చటి మజ్జిగ. మర్నాడు కూరలు తరగడానికి పిలవండి. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, వెల్లుల్లి ఒలవడం లాంటివి, మాట్లాడకపోయినా చేతులకు పని ఉండేవి.

రెండు వారాలు దాటినా తిండి, నిద్ర దారికి రాకపోయినా, బరువు తగ్గుతున్నా, బతకాలని లేదన్న మాట వచ్చినా పెసరపప్పు మీద వదిలేయొద్దు. డాక్టర్ దగ్గరికి అపాయింట్‌మెంట్ మీరే తీసుకుని, మీలో ఒకరు వెంట వెళ్లండి. ఆఖరిది చెప్పిన రోజైతే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు, అత్యవసరమైతే 112.

పోపులపెట్టె:

ఆ పల్చటి అన్నంలోకి చారు చేసేటప్పుడు చింతపండు సగానికి తగ్గించి, మిరియాలు అర చెంచా చాలు. ఎండుమిర్చి వద్దు. ఖాళీ కడుపుకు పులుపు ఎక్కువైతే మంటగా ఉంటుంది.